నడవదన్న బిళ్లను నడిపించడం

పది రూపాయల నాణెం దేశమంతటా చెల్లుతుంది. జనగామ బస్టాండు పక్కన చాయ్ బండి దగ్గర, మహబూబాబాద్ మిర్చి మార్కెట్ చుట్టూ ఉన్న కిరాణా కొట్లలో, భూపాలపల్లి సింగరేణి కాలనీల ముందు ఆగే ఆటోల్లో దాన్ని తీసి ఇస్తే మాత్రం తరచుగా వినపడేది ఒకటే మాట: ఇది నడవదు. ఐదు రూపాయల బిళ్ల తీసుకుంటారు. రెండు రూపాయలదీ తీసుకుంటారు. నడుమ చిరిగి టేపు అంటించిన పది నోటును కూడా అటూ ఇటూ తిప్పి చూసి గల్లాలో వేసుకుంటారు. తళతళలాడే పది బిళ్లను మాత్రం వెనక్కి తోస్తారు. ఈ తిరస్కారం ఎలా పుట్టింది, ఇన్నేళ్లుగా ఎందుకు పోవడం లేదు, జగడం లేకుండా ఆ బిళ్లను ఎలా ఖర్చు పెట్టాలి అన్నవి ఈ అధ్యాయంలోని విషయాలు. ఇదే తీరులో జనాన్ని తికమక పెట్టే ఇంకొన్ని నాణేలు, నోట్ల సంగతి కూడా చివరి భాగంలో ఉంటుంది.

బిళ్లను ముందు సరిగా చూడడం

పది రూపాయల నాణెం రెండు లోహాలతో తయారైంది. బయట పసుపుపచ్చ వలయం, లోపల తెల్లటి బిళ్ల. అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు, బరువు ఎనిమిది గ్రాములకు కాస్త తక్కువ. ఒకవైపు అశోక స్తంభంలోని సింహాలు ఉంటాయి. రెండోవైపు బొమ్మ మారుతూ వచ్చింది, గొడవంతా ఆ రెండోవైపుతోనే. 2005 సంవత్సరం ముద్రతో తయారైన తొలి నాణేలు 2009లో చలామణిలోకి వచ్చాయి. కొన్నింటి మీద పది అంకె పైన 15 కిరణాలు ఉంటాయి. 2011 నుంచి వచ్చిన వాటి మీద 10 కిరణాలు, వాటితోపాటు కొత్త రూపాయి గుర్తు కనిపిస్తాయి. ఆ గుర్తును కేంద్ర ప్రభుత్వం ఆమోదించిందే 2010 జూలైలో. అంతకుముందు తయారైన నాణెం మీద అది ఉండే వీలే లేదు.

ఇవి కాక స్మారక నాణేలు ఉన్నాయి. హోమీ భాభా శతజయంతి, రిజర్వు బ్యాంకు ప్లాటినం జూబ్లీ, పార్లమెంటుకు అరవై ఏళ్లు, వైష్ణోదేవి ఆలయ బోర్డు రజతోత్సవం, కొబ్బరి పీచు బోర్డు వజ్రోత్సవం, అంబేడ్కర్ 125వ జయంతి, అంతర్జాతీయ యోగా దినోత్సవం, ఇలా ఏ సందర్భం వస్తే ఆ బొమ్మతో నాణెం వచ్చింది. 2018 జనవరి నాటికే రిజర్వు బ్యాంకు లెక్కలో పది రూపాయల నాణేలు 14 నమూనాలు. ఆ తర్వాత 2019లో ధాన్యపు కంకుల బొమ్మతో మరొకటి చేరింది. నోటు కొన్నేళ్లకు నలిగి, మాసి, బ్యాంకుకు చేరి కనుమరుగవుతుంది. నాణెం అలా పోదు, దశాబ్దాలు తిరుగుతుంది. అందుకే ఒకే జేబులో నాలుగు రకాల పది బిళ్లలు కనబడడంలో వింత లేదు. కొత్త నమూనా వచ్చినంత మాత్రాన పాతది రద్దు కాదు. ప్రభుత్వం పేరుపెట్టి ఉపసంహరిస్తేనే రద్దవుతుంది.

సంవత్సరం అంకెల కింద చిన్న నక్షత్రం ఉంటే ఆ నాణెం హైదరాబాద్ టంకశాలలో తయారైందని అర్థం. ముంబయి నాణేనికి వజ్రం ఆకారం, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు ఏ గుర్తూ ఉండదు. 1803లో నిజాం సికందర్ జా కాలంలో మొదలైన హైదరాబాద్ టంకశాల 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారింది. కాజీపేట నుంచి జనగామ మీదుగా సికింద్రాబాద్ వెళ్లే రైలు దారిలోనే చర్లపల్లి ఉంది. పొద్దున బండెక్కి ఆ టంకశాల పక్క నుంచి పట్నం వెళ్లొచ్చిన మనిషే సాయంత్రం తన కొట్లో నక్షత్రం గుర్తున్న బిళ్లను దొంగదని వెనక్కి ఇస్తుంటాడు.

పుకారు పోయింది, అలవాటు మిగిలింది

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న, దసరా నాడు ఏర్పడ్డాయి. నెల తిరక్కుండానే, నవంబరు 8 రాత్రి, 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. పది బిళ్ల మీద అనుమానాలు దేశంలో ముదిరింది కూడా ఆ రోజుల్లోనే. రూపాయి గుర్తు లేనిది దొంగ నాణెమని, పది కిరణాలున్నదే అసలుదని, త్వరలో దీన్నీ రద్దు చేస్తారని వాట్సాప్ సందేశాలు తిరిగాయి. అప్పుడే ఒక రాత్రిలో పెద్ద నోట్లు కాగితాలైపోవడం చూసిన జనం ఈ మాటను కూడా నమ్మారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ప్రభుత్వం రద్దు చేయదన్న భరోసా అప్పుడే విరిగింది.

అదే నెల 20న రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది: పది రూపాయల నాణేలన్నీ చెల్లుతాయి, గుర్తు ఉన్నా లేకున్నా. 2018 జనవరిలో మళ్లీ చెప్పింది. 2019 జూన్‌లో మరోసారి చెప్పింది. 14440 నంబరుకు ఫోన్ చేస్తే ఈ సంగతి వినిపించే ఏర్పాటు కూడా చేసింది. ఇంత చెప్పినా చాలా ఊళ్లలో బిళ్ల నడవలేదు.

కారణం తెలుసుకోవాలంటే కౌంటరు దగ్గర నిలబడి మాటలు వినాలి.

"అవ్వా, ఈ బిళ్ల నడుస్తలేదు. నోటుంటే ఇయ్యి."

"మరి నాకు ఇచ్చిన్రు గద బిడ్డా?"

"నువ్వెందుకు తీసుకుంటివి?"

ఈ మూడు మాటల్లో ఎక్కడా దొంగ నాణెం ప్రస్తావన లేదు. బిళ్ల అసలుదేనని సేటుకు తెలుసు. అవ్వకూ తెలుసు. సేటు భయం వేరు: రేపు ఇంకొకరికి చిల్లరగా ఇస్తే వాళ్లు తీసుకోరు, సరుకు దింపే ఏజెన్సీ మనిషి తీసుకోడు, బ్యాంకుకు పోతే కౌంటరులో విసుక్కుంటారు. ఏజెన్సీ మనిషి భయమూ అదే, వాడి యజమాని భయమూ అదే. ప్రతి ఒక్కరూ తన తర్వాతి మనిషి తీసుకోడనే తీసుకోవడం లేదు. ఆ తర్వాతి మనిషికీ అదే అనుమానం. ఇక్కడ ఎవరూ మూర్ఖంగా ప్రవర్తించడం లేదు. ఎవరి లెక్క వారికి సరైనదే, మొత్తం ఊరి లెక్క మాత్రం తప్పింది. డబ్బుకు విలువ వచ్చేది ఎదుటివాడు తీసుకుంటాడన్న నమ్మకం వల్లనే కాబట్టి, ఆ నమ్మకం పోయిన చోట చట్టం ఒక్కటే దాన్ని నిలబెట్టలేదు.

బ్యాంకు వాళ్ల విసుగుకూ కారణం ఉంది. పది వేల రూపాయలు ఐదు వందల నోట్లలో ఇరవై కాగితాలు. అదే పది బిళ్లల్లో వెయ్యి నాణేలు, ఏడున్నర కిలోల పైన బరువు. లెక్కపెట్టాలి, సంచుల్లో కట్టాలి, దాచాలి, మోయించాలి. పల్లెటూరి శాఖలో ఉండేది ఒకరిద్దరు క్యాషియర్లే. అయినా తీసుకోనని చెప్పే అధికారం వాళ్లకు లేదు. ఖాతాదారు నుంచి తీసుకునే నాణేలకు బ్యాంకులో పరిమితి లేదని రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది.

ఈ గొలుసు చివరికి ఎంతదూరం పోతుందో 2022లో తమిళనాడులో కనబడింది. పది రూపాయల నాణేలు ఎవరూ తీసుకోవడం లేదని విసిగిన ఒక యువకుడు ఆరు లక్షల రూపాయల బిళ్లలు పోగుచేసి, సేలంలోని షోరూములో వాటితోనే కారు కొన్నాడు. పత్రికలు ఫోటోలు వేశాయి, జనం నవ్వుకున్నారు. కారు మాటెలా ఉన్నా, ఆ మనిషి చెప్పదలచుకున్నది బిళ్ల చెల్లుతుందనే.

రెండు రూపాయల ఊళ్లు

తెలియని నాణెం అంటే జంకడం ఈ ప్రాంతం వాళ్ల గుణం అనుకుంటే పొరపాటు. ఇంతకంటే చిక్కు లెక్కలతో ఇక్కడి తాతలు సంసారాలు నడిపారు. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది. చార్మినారు బొమ్మతో వచ్చిన ఆ ఉస్మానియా సిక్కాను హాలీ సిక్కా అనేవారు. బ్రిటిషు ఇండియా రూపాయి కల్దారు. ఏడు హాలీ రూపాయలు సుమారుగా ఆరు కల్దారు రూపాయలకు సమానం. సరిహద్దు దాటి బెజవాడ వైపు వ్యాపారం చేసేవాడికి రెండూ కావాలి. ఓరుగల్లు సుబాలోని ఊళ్లలో చదువు రాని రైతు కూడా పత్తి ధర చెబుతుంటే అది హాలీలోనా, కల్దారులోనా అని అడిగి తేల్చుకునేవాడు. నిజాం కాగితం నోట్ల మీద ఉర్దూ, ఇంగ్లిషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలు ఉండేవి. హైదరాబాదు భారతదేశంలో కలిశాక కూడా కొన్నేళ్లు రెండు డబ్బులూ తిరిగాయి.

హాలీ లెక్క ఇంకా జనం నోళ్లలో ఉండగానే 1957 ఏప్రిల్ 1న నయా పైసా వచ్చింది. పదహారు అణాల రూపాయి నూరు పైసల రూపాయి అయింది. అణాకు ఆరుంపావు పైసలు. పావు పైసా నాణెం లేదు కాబట్టి ఎవరో ఒకరు నష్టపోవాలి. ఒక్క అణాకు ఆరు పైసలే ఇస్తే కొనేవాడికి లాభం, ఏడు అడిగితే అమ్మేవాడికి లాభం. దీని మీద సంతల్లో ఎన్ని తగాదాలు జరిగి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. అయినా పాత నాణేలు, కొత్త నాణేలు పక్కపక్కనే కొన్నేళ్లు నడిచాయి, జనం అలవాటుపడ్డారు. 1964లో నయా అన్న ముక్క కూడా పోయి పైసా మిగిలింది. పావలా బిళ్లను, అంతకంటే చిన్నవాటిని 2011 జూన్ 30తో ఉపసంహరించారు. నాణేలు పోయినా చారాణా, ఆఠాణా, బారాణా ఈ మూడు జిల్లాల మాటల్లో ఇంకా ఉన్నాయి. చారాణా కోడికి బారాణా మసాలా అన్న సామెత పావలా బిళ్లను చేత్తో ముట్టని పిల్లలకు కూడా అర్థమవుతుంది.

అప్పటి మార్పులకూ ఇప్పటి పది బిళ్లకూ ఒక తేడా ఉంది. అప్పుడు పన్ను కట్టే కచేరీ, పోస్టాఫీసు, రైలు టికెట్ కిటికీ కొత్త డబ్బు తీసుకునేవి. వేరే దారి లేదు కాబట్టి బజారు కూడా తీసుకుంది. ఇప్పుడు పది బిళ్ల కాదంటే పది నోటుంది, అదీ లేకపోతే ఫోన్ ఉంది. తిరస్కరించడం సులువైపోయింది.

ఖర్చుపెట్టే పద్ధతి

చట్టం ఏమంటుందో ముందు తెలిసి ఉండాలి. 2011 నాణేల చట్టం ఆరో సెక్షన్ ప్రకారం రూపాయి, అంతకు మించిన విలువ గల నాణేలు వెయ్యి రూపాయల మొత్తం దాకా చెల్లుబాటవుతాయి. అర్ధ రూపాయి నాణేలైతే పది రూపాయల దాకా. అంటే రెండు వందల సరుకు కొని ఇరవై పది బిళ్లలు ఇవ్వడం చట్టబద్ధం. లక్ష రూపాయల బండి కొని గోనెసంచెడు చిల్లర కుమ్మరిస్తే తీసుకోవాలని షోరూమును బలవంతపెట్టే హక్కు లేదు. పత్రికల్లో వచ్చేవి అమ్మేవాళ్లు ఇష్టపడి తీసుకున్న సంగతులు.

పది బిళ్ల తీసుకోకపోతే రాజద్రోహం కింద జైలు అన్న సందేశం ఒకటి ఏళ్ల తరబడి తిరుగుతోంది. పాత శిక్షాస్మృతిలోని 124ఏ సెక్షన్‌కు, చిల్లరకు సంబంధం లేదు. ఒక పుకారును కొట్టడానికి ఇంకో పుకారు పుట్టిందంతే. చాయ్ బండి దగ్గర దాన్ని చూపించి బెదిరిస్తే బిళ్ల నడవదు, రేపటి నుంచి చాయ్ కూడా దొరకదు.

సేటు భయం తర్వాతి మనిషి గురించి కాబట్టి జవాబు కూడా అక్కడే ఇవ్వాలి. రోజూ వెళ్లే కొట్లో రిజర్వు బ్యాంకు ప్రకటన చదివి వినిపించడం కన్నా ఈ మాట బాగా పనిచేస్తుంది: "సేటూ, ఇది ఉంచు. ఎవ్వరు తీసుకోకుంటే రేపు నేనే వాపసు తీసుకుంట." ఎవరో ఒకరు తప్పకుండా తిరిగి తీసుకుంటారని తెలిసిన వెంటనే బిళ్లలోని ప్రమాదం పోతుంది. అంతకంటే బలమైనది అడిగి పుచ్చుకోవడం. చిల్లర ఇచ్చేటప్పుడు కొట్టువాడు నోటు కోసం వెతుకుతుంటే, పది బిళ్ల ఉంటే అదే ఇమ్మనాలి. తీసుకోమని బతిమాలే పదిమంది కన్నా ఇమ్మని అడిగే ఒక్కడు ఆ కొట్టు లెక్కను త్వరగా మారుస్తాడు. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టే కొట్లలో ఈ మాట మరీ బాగా నప్పుతుంది. చట్టంలో చాక్లెట్‌కు ఏ విలువా లేదు.

కొట్టు నడిపేవాళ్ల వైపు నుంచి చూస్తే పని ఇంకా తేలిక. పది బిళ్లలు తీసుకుంటాం, చిల్లరగా ఇస్తాం అని గల్లా దగ్గర ఒక కాగితం అంటిస్తే చాలు. ఊళ్లో పేరున్న రెండు కొట్లు, ఒక పెట్రోలు బంకు, ఒక మెడికల్ షాపు ఆ మాట మీద నిలబడితే మిగతావాళ్లకు వదిలించుకునే చోటు దొరుకుతుంది. మహిళా సంఘాల పొదుపు డబ్బు వారం వారం బ్యాంకుకు పోతుంది కనుక సంఘం కూడా అలాంటి చోటే. గుళ్ల హుండీలు ఎప్పుడూ బిళ్లను కాదనలేదు. కాళేశ్వరంలోనైనా కురవిలోనైనా దేవుడి లెక్కలో పడ్డ నాణెం చివరికి బ్యాంకుకే చేరుతుంది.

బ్యాంకుకు వెళ్లేటప్పుడు నాణేలను రకం వారీగా వేరుచేసి, నూరేసి చొప్పున పాలిథిన్ సంచుల్లో కట్టుకుని పోవాలి. రిజర్వు బ్యాంకు సూచించిన పద్ధతి కూడా ఇదే. జీతాల రోజుల్లో, పింఛన్లు పడే రోజుల్లో కాకుండా రద్దీ తక్కువున్న పూట వెళితే కౌంటరులో మాట పెరగదు. అప్పటికీ తీసుకోనంటే శాఖ మేనేజరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రశీదు తీసుకోవాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. 14448 నంబరులో ఆ వివరాలు చెబుతారు. ఫిర్యాదు చేయడానికి రుసుము లేదు.

తికమక పెట్టే మిగతా డబ్బు

పన్నెండు అంచులున్న ఇరవై రూపాయల నాణెం 2019లో ప్రకటించిన వరుసలోది. పది బిళ్లకు ఇది రంగుల్లో తలకిందులు: బయట తెలుపు, లోపల పసుపు. అడ్డుకొలత రెండింటికీ ఒకటే, అందుకే చీకట్లో పదికీ ఇరవైకీ తేడా పట్టాలంటే అంచును వేలితో తడమాలి. ఆ వరుసను చూపు లేనివాళ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందించారు. 2007 నాటి రూపాయి, రెండు రూపాయల నాణేల వెనకా అలాంటి ఆలోచనే ఉంది. రూపాయి మీద బొటనవేలు ఎత్తిన చెయ్యి, రెండు రూపాయల మీద రెండు వేళ్లు. అక్షరం రానివాళ్లకు వేళ్లే లెక్క. ఉద్దేశం మంచిదే గానీ రెండింటి రంగూ ఒకటే, సైజులో తేడా కొంచెమే కావడంతో హడావుడిలో రూపాయి అనుకుని రెండు రూపాయలు ఇచ్చేయడం మామూలైంది.

అర్ధ రూపాయి బిళ్ల ఇప్పటికీ చెల్లుతుంది, ఎవరూ తీసుకోకపోయినా. రూపాయి, రెండు, ఐదు రూపాయల నోట్లు కూడా చెల్లుతాయి. నోటు నంబరులో అక్షరాలకూ అంకెలకూ మధ్య నక్షత్రం ఉంటే అది దొంగ నోటు కాదు. కట్టలో అచ్చు చెడిన నోటుకు బదులుగా పెట్టిన నోటని దాని అర్థం. 2023 జూలైలో రిజర్వు బ్యాంకు దీని మీదా వివరణ ఇవ్వాల్సి వచ్చింది. అదే ఏడాది మే 19న ఉపసంహరించిన రెండు వేల నోటు బజారులో కనబడదు. ఎక్కడో బట్టల మడతలో దొరికితే పారేయనక్కర్లేదు, హైదరాబాద్ రిజర్వు బ్యాంకు కార్యాలయం తీసుకుంటుంది. చిరిగిన నోట్లను ఏ బ్యాంకు శాఖలోనైనా మార్చుకోవచ్చు. ఇరవై, అంతకు తక్కువ నోటైతే సగానికి మించిన ముక్క ఉంటే పూర్తి విలువ వస్తుంది. యాభై, ఆ పై నోట్లకు 80 శాతానికి మించి మిగిలి ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 మధ్య ఉంటే సగం.

స్మారక నాణేల్లో కొన్ని అసలు చలామణి కోసం కాదు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం అలాంటిదే. హైదరాబాద్ టంకశాలలో తయారైన ఆ నాణెంలో సగం వెండి. అమ్మిన ధర దాని మీది అంకెకు ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని తీసుకెళ్లి వంద రూపాయల కూరగాయలు కొనేవాడు ఉండడు.

ఈ మోజు పక్కనే మోసం కూడా ఉంది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు, పది రూపాయల బిళ్లలకు లక్షలు ఇస్తామని, పాత నోటుకు ఇల్లు కొనేంత డబ్బు వస్తుందని సెల్‌ఫోన్లలో ప్రకటనలు తిరుగుతుంటాయి. ఫోన్ చేస్తే రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న కాగితం పంపి, ముందుగా పన్ను కింద, కమీషన్ కింద కొంత కట్టమంటారు. కట్టాక అవతలివాడు ఫోన్ ఎత్తడు. ఇలాంటి అమ్మకాలు కొనుగోళ్లలో తనకు ప్రమేయం లేదని, తన పేరుతో రుసుము వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. కోట్ల సంఖ్యలో తిరిగే మామూలు బిళ్లకు దాని మీద రాసి ఉన్నదే విలువ. నిజంగా అరుదైన పాత నాణెం ఇంట్లో ఉందనిపిస్తే దాన్ని చింతపండుతో తోమకుండా, ఉన్నదున్నట్టు నాణేల సేకర్తకు చూపించాలి. తోమితే మెరుపు వస్తుంది, వెల పడిపోతుంది. అప్పటికే ఎవరికైనా డబ్బు కట్టి మోసపోయి ఉంటే గంటలు గడవనివ్వకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. డబ్బు ఇంకా వాళ్ల ఖాతాలోనే ఉంటే అక్కడే ఆపించే అవకాశం ఉంటుంది.